ఓడ డెక్కు నుంచి కిటికీ సీటు దాకా
మన ఊళ్ళ దూర ప్రయాణాల చరిత్ర

చరిత్ర అనగానే కోటలు, యుద్ధాలు, నవాబుల పేర్లు గుర్తుకు వస్తాయి. మన మేడ్చల్, శామీర్‌పేట వంటి ఊళ్ళకు ఇంకొక చరిత్ర కూడా ఉన్నది. అది ప్రయాణాల చరిత్ర. మన సభ్యుల కుటుంబాలలో ఒక్కరైనా విమానం ఎక్కని ఇల్లు ఈనాడు చాలా తక్కువ. హజ్‌కో ఉమ్రాకో పోయేవారు కొందరు, దుబాయి, రియాద్, దోహాలకు కష్టం చేసుకోవడానికి పోయేవారు కొందరు, లండన్, షికాగోలలో ఉన్న పిల్లల దగ్గరికి పోయే ముసలి తల్లిదండ్రులు కొందరు. టిక్కెట్టు చేతికి రాగానే వీళ్ళందరి ఇండ్లలోనూ ఒక మాట వస్తుంది: "కిటికీ పక్క సీటు దొరుకుతుందా? దొరికితే ఏ వైపు మంచిది?"

ప్రశ్న చిన్నదే. దీనికి సరిగా జవాబు చెప్పాలంటే మాత్రం మన పెద్దలు ఏ దారిన పోయారో, ఆ దారిలో ఏమేమి చూశారో ముందు చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ దారి అంతా ఇప్పటికీ అక్కడే ఉన్నది. మనం దాని మీదుగా ఎగిరిపోతున్నాము, అంతే.

రైలు, ముసాఫిర్‌ఖానా, జహాజ్

నిజాం కాలంలో మేడ్చల్ అత్రాఫ్-ఎ-బల్దాలో ఒక తాలూకా. 1900 ప్రాంతంలో హైదరాబాదు - గోదావరి లోయ రైలు మార్గం పూర్తి అయినది. సికింద్రాబాదు నుంచి బొల్లారం, మేడ్చల్, నిజామాబాదు, నాందేడ్, ఔరంగాబాదుల మీదుగా మన్మాడ్ చేరే మీటరు గేజి లైను అది. మన్మాడ్‌లో బండి మారితే బొంబాయి. అంటే మేడ్చల్ స్టేషనులో రైలెక్కినవాడు బొంబాయి రేవు దాకా రైలు మీదనే పోగలిగే వీలు నూరేండ్లకు పైగా ఉన్నది. 1874లో వేసిన వాడి లైను మీదుగా ఇంకొక దారి కూడా ఉండేది. ఈనాడు మేడ్చల్‌కు 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఎం.ఎం.టి.ఎస్. బండిని చూసి సంతోషపడే పిల్లలకు, తమ ముత్తాతల కాలంలో అదే స్టేషను మక్కా ప్రయాణానికి మొదటి మెట్టు కాగలిగిందని చెప్పాలి.

బొంబాయి చేరినాక క్రాఫర్డ్ మార్కెట్టు దగ్గరి సాబూ సిద్దిఖ్ ముసాఫిర్‌ఖానాలో బస. ఓడ ఎప్పుడు కదులుతుందా అని ఎదురుచూపులు. జిద్దా పోయే ఓడలలో పేరుపడ్డవి మొగల్ లైను వారివి. 1877లో బొంబాయిలో మొదలైన ఈ కంపెనీ తరువాత ప్రభుత్వం చేతికి వచ్చి, 1986లో షిప్పింగ్ కార్పొరేషన్‌లో కలిసిపోయినది. డబ్బున్నవారికి క్యాబిన్లు, బీదసాదలకు డెక్కు. సొంత చాప, సొంత బిందె, సొంత అచారు డబ్బా. నీళ్ళ దగ్గర వరుస, వంట దగ్గర వరుస, వాంతులు, జ్వరాలు. వారం, పది రోజులు, పాత ఆవిరి ఓడలలో అయితే ఇంకా ఎక్కువ. పైగా ఎర్ర సముద్రంలో కమరాన్ అనే దీవి దగ్గర దిగవలసి వచ్చేది. అంటువ్యాధుల భయంతో 1882లో తుర్కీ ప్రభుత్వం అక్కడ క్వారంటీను పెట్టింది. హిందూస్థాన్ నుంచి పోయే హాజీలను కొన్ని రోజులు అక్కడ ఆపి, బట్టలు ఆవిరి పట్టి, ఆ తరువాతనే ముందుకు పంపేవారు.

ఇంత కష్టంలోనూ డెక్కు మీది మనిషికి ఒక లాభం ఉండేది. దారి మొత్తం కండ్లతో చూసేవాడు. నేల కనుమరుగు కావడం, నీళ్ళ రంగు మారడం, ఒడ్డున కొండలు కనిపించడం, అన్నీ. యలమ్‌లమ్ ఎదురుగా వచ్చినప్పుడు ఓడలో కూత వేసి తెలియజేసేవారు. హాజీలంతా ఇహ్రామ్ కట్టుకొని లబ్బైక్ అనేవారు. మన ఇండ్లలో హజ్ చేసి వచ్చిన దాదాలు, నానాలు ఏండ్ల తరబడి చెప్పిన కథలు ఈ డెక్కు మీద పుట్టినవే. మక్కాలో దిగినాక హైదరాబాదు రాజ్యం వారికోసం నిజాం కట్టించిన రుబాత్‌లు ఉండేవి. ఆ రుబాత్ పేరు మన పెద్దల నోట ఇప్పటికీ వినిపిస్తుంది.

1995లో బొంబాయి నుంచి హజ్ ఓడలు ఆగిపోయాయి. చివరి రోజులలో నడిచినది ఎం.వి. అక్బర్. అప్పటి నుంచి దారి అంతా ఆకాశంలోనే.

ఆకాశానికి కిటికీ

విమానం మన ప్రాంతానికి కొత్త కాదు. బేగంపేట విమానాశ్రయం 1930లలోనే తయారైనది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. డకోటా విమానాలు నడిపిన ఆ కంపెనీ 1953లో జాతీయం అయి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసినది. 1948 జూన్ 8న ఎయిర్ ఇండియా మొదటి విదేశీ విమానం, మలబార్ ప్రిన్సెస్, బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్ పోయింది.

విమానం కిటికీ ఎందుకు చిన్నగా, మూలలు గుండ్రంగా ఉంటుందో పిల్లలు అడుగుతారు. దాని వెనుక కూడా చరిత్ర ఉన్నది. 1952లో ప్రయాణికులతో ఎగిరిన మొదటి జెట్టు విమానం కామెట్‌కు కిటికీలు దాదాపు చతురస్రంగా ఉండేవి. 1954 జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి, రెండు కామెట్లు మధ్యధరా సముద్రం మీద గాలిలోనే విచ్చిపోయాయి. ఒక విమానాన్ని నీళ్ళ తొట్టిలో పెట్టి మాటిమాటికీ ఒత్తిడి పెట్టి పరీక్ష చేస్తే, కంతల మూలల దగ్గర లోహం అలసి పగులుతున్నదని తేలింది. ఆ తరువాత విమానాలకు గుండ్రని మూలలే పెడుతున్నారు. మనం తల ఆనించుకొని చూసే ఆ చిన్న కిటికీ ఆకారానికి ఎందరి ప్రాణాలో ఖర్చు అయ్యాయి.

1971లో ఎయిర్ ఇండియాకు పెద్ద బోయింగు 747 విమానాలు వచ్చాయి. లోపల ప్రతి కిటికీ చుట్టూ రాజస్థానీ ఝరోకా లాగా బొమ్మ వేయించారు. నవాబుల హవేలీలో ఝరోకా దగ్గర కూర్చున్నట్టు ఉండేదన్న మాట. వాటిలో మొదటిది, ఎంపరర్ అశోక, 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయికి లేచిన కొద్ది నిమిషాలకే బాంద్రా ఒడ్డు దగ్గర సముద్రంలో కూలింది. 213 మంది, ఉన్నవారందరూ పోయారు. కెప్టెను ముందున్న ఒక యంత్రం తప్పు చూపింది. బయట చూద్దామంటే చీకటి సముద్రం మీద ఆకాశమేదో నీళ్ళేవో తెలియని రాత్రి. మన దేశం నుంచి గల్ఫ్‌కు వలసలు జోరు అందుకున్న రోజులవి.

ఇక విమానంలో అన్నిటికన్నా పెద్ద కిటికీ పైలట్ ముందు ఉంటుంది. అక్కడ కూర్చున్న మనవాళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. మేడ్చల్‌కు పడమటగా దుండిగల్‌లో ఉన్న వైమానిక దళ అకాడమీకి 1967లో పునాదిరాయి వేసినది రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుసేన్. ఆయన పుట్టినది హైదరాబాదులోనే, 1897లో. శామీర్‌పేట దారిలోని హకీంపేట నుంచి శిక్షణ విమానాలు మన నెత్తి మీదుగా ఎగరడం చూస్తూనే మన పిల్లలు పెరిగారు. 1978 నుంచి 1981 దాకా భారత వైమానిక దళానికి అధిపతిగా ఉన్న ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్ హైదరాబాదు బిడ్డ. ఈ కాలంలో బేకరీలో పనిచేసే తండ్రికి పుట్టిన పాతబస్తీ అమ్మాయి సయ్యదా సల్వా ఫాతిమా పైలట్ లైసెన్సు సంపాదించుకున్నది. కిటికీ కోసం కొట్లాడే మన ఆడపిల్లలకు ఆ ముందు కిటికీ కూడా ఉన్నదని చెప్పండి.

రెండు దారులూ మన ఊళ్ళ మీదుగానే

1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలలో కట్టడాల పని మొదలయ్యేసరికి, మన తెలంగాణ జిల్లాల నుంచి వేలాది మంది పోసాగారు. ఇక్కడ మన రెండు ఊళ్ళకు ఒక ప్రత్యేకత ఉన్నది. నిజామాబాదు, కామారెడ్డి వైపు నుంచి పట్నం వచ్చే పెద్ద రోడ్డు మేడ్చల్ మీదుగా వస్తుంది. కరీంనగర్, సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి వచ్చేది శామీర్‌పేట మీదుగా వస్తుంది. గల్ఫ్ పోయే జిల్లాల రెండు దారులూ మన గడప ముందు నుంచే పోతాయి. రాత్రివేళ జీపు నిండా చుట్టాలు, పైన తాడుతో కట్టిన సూట్‌కేసు, పూలదండతో మధ్యలో కూర్చున్న ఒక పిల్లవాడు. ఈ దృశ్యం మన హోటళ్ళ ముందు ఎన్నిసార్లు ఆగి చాయ్ తాగి పోయిందో లెక్క లేదు.

బేగంపేట ఉన్నన్నాళ్ళు విమానాశ్రయం మనకు దగ్గర. 2008 మార్చిలో అది శంషాబాదుకు మారినాక పట్నం అవతలి కొసకు పోవలసి వచ్చింది. మొదట్లో ఊరంతా దాటుకొని పోయే తిప్పలు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పూర్తి అయినాక మేడ్చల్ వాళ్ళు కండ్లకోయ దగ్గర, శామీర్‌పేట వాళ్ళు తమ ఊరి దగ్గరే ఎక్కి సూటిగా పోతున్నారు.

ఏ వైపు కూర్చోవాలి?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. శంషాబాదు నుంచి జిద్దా సూటిగా కొలిస్తే సుమారు 4,100 కిలోమీటర్లు, ఐదారు గంటల ప్రయాణం. దుబాయి సుమారు 2,500 కిలోమీటర్లు, నాలుగు గంటలు. రెండింటికీ ముఖం పడమరకు, కొంచెం వాయవ్యానికి. కనుక పోయేటప్పుడు కుడి కిటికీకి ఉత్తరం, ఎడమ కిటికీకి దక్షిణం. తిరిగి వచ్చేటప్పుడు తారుమారు.

పోయేటప్పుడు కుడివైపు కూర్చున్నవారికి మన పట్నం కనిపించే వీలు ఎక్కువ. విమానం లేచినాక హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ అటే ఉంటాయి. 1908లో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్న తరువాత కట్టిన చెరువులు అవి. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తి అయ్యాయి. మన మేడ్చల్, శామీర్‌పేటలు పట్నానికి అవతల ఉత్తరాన ఉంటాయి. మబ్బు లేని రోజు పైకి పోయినకొద్దీ ఆ దిక్కు విప్పుకుంటుంది. పది పదకొండు కిలోమీటర్ల ఎత్తు నుంచి చూస్తే దిగంతం సుమారు 370 కిలోమీటర్ల దూరాన ఉంటుంది. ఊరు గుర్తుపట్టలేకపోయినా, మన ఊరు ఆ చూపులోనే ఉంటుంది.

పశ్చిమ కనుమలు దాటినాక సముద్రం. మన దాదాలు రోజుల తరబడి చూసిన ఆ నీళ్ళను మనం రెండు గంటలలో దాటుతాము. ఓడలు బియ్యపు గింజల లెక్క కనిపిస్తాయి. ఆ తరువాత ఒమన్ కొండలు, చెట్టు చేమ లేక ఎండిన ఎముకలలాగా ఉంటాయి. జిద్దా పోయేవారికి ఆపైన ఎడారి. ఇసుక అలల మధ్య అక్కడక్కడ ఆకుపచ్చని గుండ్రటి బిళ్ళలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అవి పొలాలు. నడుమ లోతైన బోరు, దాని చుట్టూ తిరిగే పొడవాటి గొట్టంతో నీళ్ళు చల్లుతారు, అందుకే గుండ్రంగా ఉంటాయి. శామీర్‌పేట బోరు రైతుకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. చివరగా తాయిఫ్ వైపు కొండలు, అవి దిగితే ఎర్ర సముద్రపు ఒడ్డు.

ఎండ సంగతి కూడా చూసుకోవాలి. చలికాలంలో పగటి విమానానికి సూర్యుడు ఎడమవైపు ఉంటాడు. ఆ వైపు వారు కిటికీ తెర వేసుకొనే కూర్చుంటారు, కుడివైపు వారికి చల్లగా, తేటగా కనిపిస్తుంది. సాయంత్రపు జిద్దా విమానంలో పొద్దు గుంకడం చూడాలంటే అక్టోబరు నుంచి మార్చి దాకా ఎడమవైపు, మే నుంచి జులై దాకా కుడివైపు మంచిది. హజ్, రంజాన్ నెలలు ఏటేటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి కనుక, ఒకరు పోయివచ్చి చెప్పిన సలహా పదిహేనేండ్ల తరువాత పోయేవారికి తిరగబడుతుంది.

సీటు అక్షరాల మాట. ఒకే నడవ ఉన్న చిన్న విమానంలో ఏ, ఎఫ్ కిటికీ సీట్లు. రెండు నడవల పెద్ద విమానంలో తరచుగా ఏ, కె ఉంటాయి. ఏ ఎప్పుడూ ఎడమవైపే. రెక్క మీది వరుసలలో కూర్చుంటే రెక్క తప్ప ఏమీ కనిపించదు. రెక్క వెనుక ఇంజను వేడిగాలికి నేల వణుకుతున్నట్టు కనిపిస్తుంది. అందుచేత రెక్కకు ముందు వరుసలే చూడడానికి మేలు. కొన్ని వరుసలలో కిటికీ ఉండవలసిన చోట ఉత్త గోడ ఉంటుంది, అడిగి తెలుసుకోండి. అన్ని కంపెనీలూ ముందే సీటు ఎంచుకుంటే డబ్బు తీసుకుంటాయని కాదు, కాని చాలావరకు తీసుకుంటున్నాయి. పైసలు పెట్టలేనివారు తొందరగా పోయి కౌంటరులో మర్యాదగా అడిగితే ఒక్కోసారి దొరుకుతుంది.

కిటికీ సీటు అందరికీ మంచిది కాదన్న మాట కూడా చెప్పాలి. షుగరు ఉన్నవారు, మాటిమాటికీ లేవవలసిన పెద్దలు, మోకాళ్ళ నొప్పుల వారు నడవ పక్కనే కూర్చోవాలి. కదలకుండా గంటల తరబడి కూర్చుంటే కాళ్ళు వాస్తాయి, కొందరికి నరాలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉన్నది. వుజూకు లేవడం కూడా అక్కడి నుంచే తేలిక. షికాగో వంటి పద్నాలుగు, పదహారు గంటల దారులలో ఈ జాగ్రత్త మరీ అవసరం. అట్లాంటప్పుడు మనుమడినో మనుమరాలినో కిటికీ దగ్గర కూర్చోబెట్టి, "ఏం కనిపిస్తున్నది చెప్పు బేటా" అని అడిగితే ఇద్దరికీ ప్రయాణం అవుతుంది.

కిటికీయే గడియారం

మనవారికి కిటికీ ఇంకొక విధంగా పనికివస్తుంది. పడమరకు పోయే విమానం పొద్దు వెంట పరుగెత్తుతుంది. మన అక్షాంశాల దగ్గర భూమి గంటకు సుమారు 1,570 కిలోమీటర్ల చొప్పున తిరుగుతుంటే విమానం సుమారు 850 పోతుంది. అందుచేత నేల మీద కన్నా రెండింతల సేపు పొద్దు నిలబడినట్టు ఉంటుంది. ఇదిగాక, ఎత్తు మీద ఉన్నవారికి దిగంతం కిందికి పోయి, కింద పొద్దు గుంకిన పది పదిహేను నిమిషాల దాకా సూర్యుడు కనిపిస్తూనే ఉంటాడు. రోజా ఉన్నవారు చేతి గడియారంలో హైదరాబాదు టైము చూసి ఇఫ్తార్ చేయరాదని, కండ్ల ముందున్న పొద్దునే చూడాలని ఉలమాలు చెప్పేది ఇందుకే. 2011లో దుబాయిలో బుర్జ్ ఖలీఫా ఎనభయ్యో అంతస్తు పైనున్నవారు రెండు నిమిషాలు, నూటయాభైయ్యో అంతస్తు పైనున్నవారు మూడు నిమిషాలు ఆగి ఇఫ్తార్ చేయాలని అక్కడి ముఫ్తీ చెప్పారు. మేడ మీదనే అంత తేడా ఉంటే విమానం సంగతి చెప్పేదేమున్నది? 2025లో రంజాన్ మార్చిలో వచ్చింది. ఆ రోజులలో జిద్దా విమానంలో మగ్రిబ్ చూడవలసినది ఎడమ కిటికీలో. అక్కడ కూర్చున్నవారు వరుస మొత్తానికి ముఅజ్జిన్ పని చేస్తారు.

మీకాత్ కూడా అంతే. ఓడకు యలమ్‌లమ్ గుర్తు అయితే, తూర్పు నుంచి వచ్చే విమానానికి తాయిఫ్ దగ్గరి ఖర్న్-అల్-మనాజిల్ గుర్తు. ఓడ కూతకు బదులు విమానంలో ముందుగా ప్రకటన చేస్తారు. విమానం ఆ చోటును నిమిషాలలో దాటిపోతుంది కనుక ఇహ్రామ్ ముందే కట్టుకొని, కొండలు కనిపించేసరికి నియ్యత్‌కు సిద్ధంగా ఉండాలి.

ఆ సీటు ఎవరికి ఇవ్వాలి?

చివరగా మేము చెప్పదలచినది ఇది. మన రెండు రోడ్ల మీదుగా గల్ఫ్ పోయేవారు ఎట్లా పోతారో చూశాము. వారిలో కొందరు ఎట్లా తిరిగి వస్తారో కూడా చూస్తున్నాము. ఎండదెబ్బకో, గుండె ఆగో, పనిచేసే చోట ప్రమాదంలోనో పోయినవారు పెట్టెలో వస్తారు. విమానంలో కిటికీ లేని అడుగు గదిలో, సామాన్లతో పాటు. శంషాబాదులో అంబులెన్సు ఎక్కి, మేడ్చల్ మీదుగానో శామీర్‌పేట మీదుగానో ఊరికి పోతారు. హిందువైనా ముస్లిమైనా ఆ దారి ఒక్కటే. అది ఎదురైనప్పుడు మన దుకాణాల ముందున్నవారు లేచి నిలబడతారు.

అందుచేత మొదటిసారి పోయే పిల్లవాడు మీ పక్కన కూర్చుంటే, మీరు పదిసార్లు పోయివచ్చినవారైతే, ఆ కిటికీ సీటు అతనికి ఇవ్వండి. రెండేండ్లో మూడేండ్లో అతనికి మళ్ళీ ఈ నేల కనిపించదు. ఇస్తూ ఇస్తూ అదిగో హిమాయత్‌సాగర్, పట్నం అవతల ఆ దిక్కున నీ ఊరు అని వేలుపెట్టి చూపండి. హజ్‌కు పోయే ఖాలా నడవ పక్కన కూర్చుంటే, కొండలు వచ్చినప్పుడు ఒక్క నిమిషం లేచి ఆమెను కిటికీ దగ్గరికి రానివ్వండి.

ఇంకొక పని కూడా ఉన్నది. మన సభ్యుల ఇండ్లలో ఓడ మీద హజ్ చేసినవారు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. 1995లో పోయినవారికి కూడా ముప్పయి ఏండ్లు దాటాయి. వారు బొంబాయిలో ఎక్కడ దిగారు, డెక్కు మీద ఏం వండుకున్నారు, యలమ్‌లమ్ దగ్గర ఏం చూశారు అని పిల్లలచేత రాయించండి. తేదీ, ఓడ పేరు, తోడు పోయినవారి పేర్లు తప్పకుండా వేయించండి. ఈసారి ఆ సముద్రం మీదుగా పోయేటప్పుడు ఆ కాగితం చేతిలో ఉంటే, కింద కనిపించేది ఉత్త నీళ్ళు కావు. పోయేవారందరికీ, ఎదురుచూసేవారందరికీ క్షేమం కలగాలని మా దువా.